ఇంటి పైకప్పులో ఎన్ని దీపములు?

విజయవాడలో పటమటలోనో, పోరంకిలోనో, గొల్లపూడిలోనో క్రొత్తగా కట్టిన ఒక ఇంటిలోనికి సాయంకాలము అడుగు పెట్టి తల యెత్తి చూచినచో, హాలు పైకప్పు నిండ గుండ్రని దీపములు కనిపించును. స్లాబునకు క్రింద కొంత ఎడము విడిచి, జిప్సము పలకలతోనో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో వేసిన రెండవ కప్పును ఫాల్సు సీలింగు అందురు. దానిలో రంధ్రములు చేసి, ముఖము మాత్రమే క్రిందికి కనబడునట్లు బిగించిన దీపములకు డౌన్‌లైట్లు అని పేరు. ఒక్క హాలులోనే ఇవి పది, పన్నెండు వరకు ఉండును. ముప్పది యేండ్ల క్రిందట అంతటి హాలునకు గోడ మీద ఒక్క ట్యూబులైటు ఉండెడిది.

ఇట్టి ఇంటి యజమానికి తరచుగా కలుగు సందేహమొకటి యున్నది. "ఇవి అన్నియు ఎల్.ఇ.డి. దీపములే గదా! కరెంటు తక్కువ తినునని చెప్పియే అమ్మినారు గదా! మరి బిల్లు ఏల తగ్గలేదు?" ఈ ప్రశ్న సామాన్యమైనదిగా కనిపించినను దీనికి సమాధానము చెప్పవలెనన్నచో భౌతికశాస్త్రము, కొంచెము గుణకారము, ఇంటి గోడల రంగు కూడ తెలిసియుండవలెను.

వాటు వేరు, వెలుగు వేరు

అరువది వాట్ల బల్బు, నలుబది వాట్ల ట్యూబు అని దీపమును వాట్లతో చెప్పుట మనకు అలవాటు. కాని వాటు వెలుగునకు కొలత కాదు. దీపము సెకనుకు ఎంత విద్యుచ్ఛక్తిని తీసికొనునో అది తెలుపును. దీపము నుండి అన్ని వైపులకు వెలువడు వెలుగు మొత్తమును కొలుచు ప్రమాణము ల్యూమెన్. ఒక చదరపు మీటరు స్థలము మీద ఒక ల్యూమెన్ వెలుగు పడినచో అచ్చటి ప్రకాశము ఒక లక్సు. ధాన్యమును కొలుచు కుంచమును, పొలమునకు పెట్టిన ఖర్చును ఒకటిగా భావింపము. అట్లే దీపము ఇచ్చు ల్యూమెన్లను, అది తీసికొను వాట్లను వేరుగా చూడవలెను. ల్యూమెన్లను వాట్లతో భాగించగా వచ్చినదే ఆ దీపపు సామర్థ్యము.

పాతకాలపు తంతుదీపములో టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కి వెలుగును. ఆ శక్తిలో చాల భాగము వేడిగానే పోవును. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు మాత్రమే ఇచ్చును. అనగా వాటుకు 12 ల్యూమెన్లు. నలుబది వాట్ల ట్యూబులైటు 2,450 ల్యూమెన్ల వరకు ఇచ్చెడిది. దాని రాగితీగ చోకు మరి 15 వాట్లు తీసికొనెడిది. రెండును కలిపి 55 వాట్లనుకొన్నచో వాటుకు సుమారు 45 ల్యూమెన్లు. నేడు అంగడిలో దొరకు ఎల్.ఇ.డి. డౌన్‌లైట్లు సాధారణముగా వాటుకు 80 నుండి 110 ల్యూమెన్ల వరకు ఇచ్చును.

ఈ వృద్ధి ఎట్లు సాధ్యమైనది? ఎల్.ఇ.డి.లో వేడెక్కవలసిన తీగ లేదు. రెండు విధములైన అర్ధవాహక పొరలు కలిసిన సంధి ఉండును. విద్యుత్తు ప్రవహించునపుడు ఒక పొరలోని ఎలక్ట్రానులు రెండవ పొరలోని ఖాళీలను చేరి, తమలోని శక్తిని కాంతిగా విడుచును. ఎర్రని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. 1962లోనే తయారైనది. కాని తెల్లని వెలుగునకు నీలికాంతి కావలెను. సమర్థమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. నేటి తెల్లని దీపములలో సుమారు 450 నానోమీటర్ల నీలికాంతి పసుపుపచ్చని ఫాస్ఫరపు పొర మీద పడును. కొంత నీలికాంతి పసుపుగా మారును, కొంత అట్లే వెలుపలికి వచ్చును. రెండును కలిసి కంటికి తెలుపుగా తోచును.

గుంటూరు జిల్లాలో మొదలైన మార్పు

ఈ నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరముననే కృష్ణా డెల్టా ఇండ్లకు ఈ దీపములు పెద్ద యెత్తున వచ్చుట ప్రారంభమైనది. గృహములలో సమర్థమైన దీపములను పంచు పథకమును 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం, అనంతపురం జిల్లాలలో ప్రవేశపెట్టినారు. ఇంటికి రెండు చొప్పున, పాత 60 వాట్ల బల్బును ఇచ్చిన వారికి, 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును 10 రూపాయలకు ఇచ్చినారు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె ప్రాంతములు ఆనాడు గుంటూరు జిల్లాలోనివే. 2015 జనవరి 5న ఇదే దేశవ్యాప్త పథకమై, తరువాత ఉజాలా అను పేరుతో ప్రసిద్ధి చెందినది. దాని క్రింద దేశములో పంచిన బల్బులు 36 కోట్లు దాటినవి. ప్రభుత్వ సంస్థ 2014లో ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొనగా, మూడు సంవత్సరములలో ఆ ధర 40 రూపాయలకు లోపునకు దిగినది.

ఆ మార్పులో లెక్క తేలికయైనది. ఒక బల్బు తీసి ఒక బల్బు పెట్టినారు. దీపముల సంఖ్య మారలేదు. 60 వాట్ల స్థానమున 7 వాట్లు వచ్చినవి. ఆదా నిశ్చయము. డౌన్‌లైట్ల విషయమున జరుగుచున్నది అది కాదు. ఒక దీపము తీసి పన్నెండు పెట్టుచున్నారు. బిల్లు రహస్యమంతయు ఇచ్చటనే యున్నది.

ఒక హాలు లెక్క

పదునైదు అడుగుల పొడవు, పండ్రెండు అడుగుల వెడల్పు గల హాలును తీసికొందము. వైశాల్యము 180 చదరపు అడుగులు, అనగా సుమారు 16.7 చదరపు మీటర్లు. కూర్చుండి మాటలాడుకొనుటకు, అతిథులను చూచుటకు 150 లక్సులు చక్కగా సరిపోవును. 16.7ను 150తో హెచ్చించగా సుమారు 2,500 ల్యూమెన్లు వచ్చును. ఇది కూర్చుండు ఎత్తునకు చేరవలసిన వెలుగు.

దీపము నుండి బయలుదేరిన వెలుగంతయు అచ్చటికి చేరదు. కొంత గోడల మీద పడును. గోడలు తెల్లనివైనచో దానిలో చాల భాగమును తిరిగి గదిలోనికి పంపును. ముదురు రంగువైనచో మ్రింగివేయును. లేతరంగు గోడలున్న గదిలో దీపపు వెలుగులో సుమారు 60 శాతము, ముదురు గోడలున్న గదిలో 40 శాతము ఉపయోగపడునని అనుకొందము. దుమ్ము వలన, దీపము పాతబడుట వలన కలుగు తరుగునకు మరియొక 20 శాతము తీసివేయవలెను.

తెల్లని గోడల హాలునకు కావలసినవి 2,500ను 0.6తోను, 0.8తోను భాగించగా సుమారు 5,200 ల్యూమెన్లు. వాటుకు 100 ల్యూమెన్లిచ్చు దీపములైనచో 52 వాట్లు చాలును. తొమ్మిది వాట్ల డౌన్‌లైట్లు ఆరు పెట్టినచో 5,400 ల్యూమెన్లు వచ్చి పని పూర్తియగును. అదే హాలునకు ముదురు గోధుమరంగు గోడలో, టేకు పలకల అలంకారమో ఉన్నచో సుమారు 7,800 ల్యూమెన్లు, అనగా తొమ్మిది దీపములు కావలెను. సంక్రాంతికి గోడలకు సున్నము వేయుట డెల్టా పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారము. దానిలో పండుగ శోభతోపాటు మూడు దీపముల పొదుపు కూడ ఉన్నదని ఈ లెక్క చెప్పుచున్నది.

ఇక పైన చెప్పిన ఇంటిలో జరిగినదేమి? పదునైదు వాట్ల దీపములు పన్నెండు పెట్టినారు. మొత్తము 180 వాట్లు. గదిలో ప్రకాశము 500 లక్సులు దాటినది. వ్రాతపని చేయు కార్యాలయమునకు తగిన వెలుగు అది. పాత ట్యూబులైటు ఆ హాలునకు సుమారు 70 లక్సులిచ్చి, చోకుతో కలిపి 55 వాట్లు తీసికొనెడిది. లెక్కచూచి పెట్టిన ఆరు దీపములు అవే 55 వాట్లకు రెండింతల వెలుగునిచ్చును. లెక్క చూడక పెట్టిన పన్నెండు దీపములు, ఎంత సమర్థమైనవైనను, ట్యూబులైటు కంటె మూడింతలు కరెంటు తీసికొనును.

ఇది క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండునకు చెందిన అర్థశాస్త్రజ్ఞుడు విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో బొగ్గును గూర్చి వ్రాసిన గ్రంథములో ఇట్టి విచిత్రమునే చూపినాడు. తక్కువ బొగ్గుతో నడచు ఆవిరియంత్రములు వచ్చిన తరువాత దేశములో బొగ్గు వాడకము తగ్గుటకు మారు పెరిగినది. చౌకయైనదని ఎక్కువ చోట్ల వాడినారు. దీపముల విషయమునను జరుగుచున్నది అదియే.

బిల్లులోను, బొగ్గులోను

రోజుకు ఐదు గంటలు వెలిగించినచో 180 వాట్ల దీపములు నెలకు 27 యూనిట్లు తీసికొనును. 54 వాట్ల దీపములు 8 యూనిట్లు తీసికొనును. తేడా 19 యూనిట్లు. మన రాష్ట్రములో గృహ వినియోగమునకు ధర మెట్లుమెట్లుగా పెరుగును. 2022-23 ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు కాగా, 126 నుండి 225 వరకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విశేషమున్నది. పొదుపు చేసిన యూనిటు ఎల్లప్పుడును పై మెట్టు నుండియే తగ్గును. నెలకు 200 యూనిట్లు వాడు ఇంటిలో ఆ 19 యూనిట్ల విలువ సుమారు 114 రూపాయలు. 300 వాడు ఇంటిలో 166 రూపాయలు. ఇది ఒక్క హాలు సంగతి.

హాలులో ఎ.సి. యంత్రమున్నచో మరియొక ఖర్చు తోడగును. దీపములు తీసికొన్న కరెంటంతయు తుదకు గదిలో వేడిగా మారును. అదనపు 126 వాట్ల వేడిని వెలుపలికి నెట్టుటకు ఎ.సి. సుమారు 36 వాట్లు ఎక్కువ వాడవలసివచ్చును.

విజయవాడకు సమీపమున ఇబ్రహీంపట్నములో, విద్యుత్ ఇంజనీరు నార్ల తాతారావు పేరుగల తాప విద్యుత్కేంద్రము ఉన్నది. దాని మొదటి యూనిటు 1979లో పని ప్రారంభించినది. ఆ పొగగొట్టములు జాతీయ రహదారి మీద పోవు వారికి దూరము నుండియే కనిపించును. బొగ్గు కేంద్రములో ఒక యూనిటు విద్యుత్తునకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును. 19 యూనిట్లకు 13 కిలోలు. ఇట్టి హాళ్ళు ఒక లక్ష ఉన్నవనుకొన్నచో నెలకు 1,300 టన్నులు. మూడు నెలలకు ఒక గూడ్సుబండి నిండు బొగ్గు. అదియును సూర్యుడు అస్తమించి, సౌరవిద్యుత్తు ఆగిపోయి, ప్రతి ఇంటిలోను దీపములు వెలుగు సమయములోనే ఈ విద్యుత్తు కావలసియుండును. కావున అవసరము లేని ఆరు దీపముల భారము ఒక ఇంటి బిల్లుతో ఆగదు.

వెలుగు ఎచ్చట పడవలెను?

దీపముల సంఖ్య తేలిన తరువాత వాని స్థానమును నిర్ణయింపవలెను. డౌన్‌లైటు వెలుగు శంకువు ఆకారమున క్రిందికి దిగును. ఆ శంకువు కోణమును పెట్టె మీద డిగ్రీలలో ముద్రింతురు. సీలింగు తొమ్మిది అడుగుల ఎత్తున, బల్ల రెండున్నర అడుగుల ఎత్తున ఉన్నచో మధ్య దూరము ఆరున్నర అడుగులు. 24 డిగ్రీల దీపము బల్ల మీద మూడడుగుల కంటె తక్కువ వెడల్పు గల వెలుగు వలయమును ఏర్పరచును. 60 డిగ్రీల దీపము ఏడున్నర అడుగుల వలయమును, 120 డిగ్రీల దీపము గదినంతటిని నింపు వలయమును ఏర్పరచును. పదవ తరగతి త్రికోణమితి తెలిసిన విద్యార్థి దీనిని స్వయముగా లెక్కింపగలడు. ఇరుకు కోణపు దీపములు గోడ మీది పటమునకు, దేవుని గూటికి తగినవి. వానితో హాలునంతటిని వెలిగింపబూనిన వారికే పన్నెండు దీపములు చాలక మరి నాలుగు కావలసివచ్చును. గదికి సామాన్యమైన వెలుగు కావలెనన్నచో వెడల్పు కోణమే మేలు.

మన ఇండ్లలో మరువరానిది ఫాను. అది దీపముల కంటె క్రిందుగా తిరుగును. రెక్కలకు దగ్గరగా పైన దీపమున్నచో, రెక్క అడ్డు వచ్చినపుడెల్ల గదిలో నీడ కదలాడును. చదువుకొను పిల్లవానికి అది తలనొప్పి తెచ్చును. సాధారణ ఫాను రెక్క కొస మధ్య నుండి రెండడుగుల దూరమున ఉండును. రెక్కలు సీలింగునకు ఒక అడుగు క్రింద తిరుగుచున్నచో, వెడల్పు కోణపు దీపము ఫాను మధ్య నుండి నాలుగడుగులకు తక్కువ కాకుండ ఉండవలెను. వైరింగు వేయించునపుడే దీనిని చెప్పవలెను. రంధ్రము చేసిన తరువాత చెప్పి ప్రయోజనము లేదు.

అట్లే దీపములన్నిటికి ఒకే స్విచ్చి ఉండరాదు. రెండు లేక మూడు వరుసలుగా విడదీసినచో టి.వి. చూచునపుడు రెండు దీపములు, అతిథులు వచ్చినపుడు ఆరు దీపములు వేసికొనవచ్చును. చదువుకొను బల్లకు 300 లక్సులు కావలెను. దానికొరకు హాలునంతటిని వెలిగించుట కంటె బల్ల మీద ఒక చిన్న దీపము పెట్టుట తెలివియైన పని.

ఎండదెబ్బ దీపమునకును తగులును

ఎల్.ఇ.డి. వేడెక్కదని జనులలో ఒక నమ్మకమున్నది. అది సగము మాత్రమే నిజము. తీసికొన్న శక్తిలో సగమునకు పైగా వేడిగానే మారును. తంతుదీపము తన వేడిని కాంతితోపాటు గదిలోనికి ప్రసరింపజేయును. ఎల్.ఇ.డి. ఆ పని చేయలేదు. దాని వేడి వెనుకనున్న లోహము ద్వారా మాత్రమే బయటికి పోవలెను. డౌన్‌లైటు వెనుక భాగము ఫాల్సు సీలింగు పైనున్న మూసిన గూటిలో ఉండును. విజయవాడ వేసవి ఎట్టిదో చెప్పనక్కరలేదు. పై అంతస్తులో పగలంతయు ఎండకు కాగిన స్లాబు సాయంకాలము దీపములు వేయు వేళకు ఆ గూటిలోనికి వేడిని దించుచుండును. క్రిందనుండి దీపములు తమ వేడిని కలుపును.

ఈ వేడికి మొదట దెబ్బతినునది వెలుగునిచ్చు చిప్ కాదు, దానికి సరియైన విద్యుత్తును అందించు డ్రైవరు అను చిన్న పెట్టె. దానిలోని ఎలక్ట్రొలిటిక్ కెపాసిటరు జీవితము ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు సగమగును. పెట్టె మీద 25,000 గంటలని ముద్రించియుండును. రోజుకు ఆరు గంటల చొప్పున అది పదకొండు సంవత్సరములకు పైన. కాని ఆ లెక్క నిర్ణయించిన ఉష్ణోగ్రతలో పరీక్షించినది. కాగిన గూటిలో రెండు మూడు సంవత్సరములకే దీపము ఆరిపోయినచో ఆశ్చర్యము లేదు. తరచుగా ఆరిపోవు దీపము ఎంత తక్కువ కరెంటు తీసికొన్నను పొదుపు దీపము కాదు.

కావున కొనునపుడు దీపమును చేతబట్టి వెనుకకు త్రిప్పి చూడవలెను. ప్లాస్టిక్ డొక్కు కంటె అల్యూమినియపు ఒడలు మేలు. డ్రైవరు వేరుగా వైరుతో కలుపబడియున్నచో, చెడినపుడు దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. పల్లెలలో లైను చివరనున్న ఇండ్లకు వోల్టేజి హెచ్చుతగ్గులెక్కువ. అచ్చట 100 నుండి 300 వోల్టుల వరకు తట్టుకొను డ్రైవరును ఎన్నుకొనుట మంచిది. మచిలీపట్నం, నాగాయలంక వంటి చోట్ల ఉప్పుగాలికి స్క్రూలు, కొక్కెములు త్రుప్పుపట్టును. పైరులు పెరుగు కాలములో దీపపు పురుగులు సందులలో దూరి కప్పుగాజు వెనుక చేరును. అంచున రబ్బరు పట్టీ ఉన్న దీపము ఈ బాధను తగ్గించును.

రంగు, మిణుకు

తెల్లని వెలుగులోను భేదములున్నవి. 3,000 కెల్విన్ అని వ్రాసినది పసుపుచాయ వెలుగు. 6,500 కెల్విన్ నీలిచాయ గలది. 4,000 వానికి నడిమిది. పడకగదికి మొదటిది, వంటయింటికి నడిమిది బాగుండును. నీలిచాయ తక్కువగుట వలన పసుపుచాయ దీపమునకు పురుగులు కూడ కొంత తక్కువగా వచ్చును.

వర్ణప్రకటన సూచిక అను మరియొక అంకె యున్నది. సూర్యకాంతిలో వస్తువుల రంగు ఎట్లు కనబడునో దీపపు వెలుగులో అంత సహజముగా కనబడుచున్నదా అని అది చెప్పును. దాని గరిష్ఠము 100. ఇండ్లకు 80కి తగ్గరాదు. పెడనలో అద్దిన కలంకారీ వస్త్రమును తక్కువ సూచిక గల దీపము క్రింద పరచినచో ఆ ఎరుపు మట్టిరంగుగా కనిపించును. దోషము వస్త్రములో లేదు, ఆ వెలుగులో ఎర్రని కిరణములు చాలినంత లేవు.

మన విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకొనును. డ్రైవరు నాసిరకమైనచో దీపము సెకనుకు 100 సార్లు మిణుకును. కన్ను దానిని పసికట్టలేదు కాని అలసటను పొందును. దీనిని కనుగొనుట తేలిక. దీపము క్రింద పెన్సిలును వేగముగా అటునిటు ఊపవలెను. అది మసకగా ఒకే పొరవలె కనబడినచో దీపము మంచిది. విడివిడిగా అనేక పెన్సిళ్ళు కనబడినచో మిణుకు ఉన్నట్లు. అంగడిలోనే ఈ పరీక్షను చేయవచ్చును.

పెట్టె మీద చదువవలసినవి

ల్యూమెన్లు, వాట్లు రెండును ముద్రించియున్నవా అని మొదట చూడవలెను. భాగించి చూచి 100కు దగ్గరగా ఉన్నదానిని తీసికొనవలెను. ల్యూమెన్లు వ్రాయని దీపమును అంగడిలోనే విడిచి వచ్చుట ఉత్తమము. ఎల్.ఇ.డి. బల్బులకు స్టారు గుర్తు 2018 జనవరి నుండి తప్పనిసరియైనది. డౌన్‌లైటు మీద ఆ గుర్తు కనబడకున్నను ఈ భాగహారమే స్టారు గుర్తు పనిని చేయును. భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు, దాని క్రింద ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్య ఉండవలెను. బల్బునకు ఐ.ఎస్. 16102, కప్పులో బిగించు దీపమునకు ఐ.ఎస్. 10322 అను ప్రమాణసంఖ్యలు కనబడును. స్నానపు గదికి ఐ.పి. 44, వసారాకు ఐ.పి. 65 గుర్తు గలవి తీసికొనవలెను. ఈ జంట అంకెలలో మొదటిది దుమ్ము, పురుగుల నుండి, రెండవది నీటి నుండి గల రక్షణను తెలుపును.

బడిలో చేయదగిన ప్రయోగము

రెండు దీపములను పోల్చుటకు ఖరీదైన పరికరము అక్కరలేదు. ఒక తెల్లకాగితము మధ్య ఒక నూనెబొట్టు వేసి, చట్రములో నిలువుగా నిలుపవలెను. చీకటిగదిలో దానికి ఇరువైపుల ఒక్కొక్క దీపము నుంచి, కాగితమును అటునిటు జరుపవలెను. ఒకచోట నూనెమరక దాదాపు కనబడకుండ పోవును. అచ్చట రెండువైపుల ప్రకాశము సమానమన్నమాట. రెండు దీపముల దూరములను కొలిచి, వాని వర్గముల నిష్పత్తిని కట్టినచో అదియే ఆ దీపముల కాంతితీవ్రతల నిష్పత్తి. ఒకటి రెండడుగులలో, రెండవది మూడడుగులలో ఉన్నచో నిష్పత్తి 4:9. ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దములో బున్‌సెన్ కనిపెట్టినది. అయితే ఇది ఒక దిశలోని వెలుగును మాత్రమే కొలుచును. కావున ఒకే విధమైన రెండు దీపములను, ముఖములు కాగితము వైపునకు త్రిప్పి పోల్చవలెను. ఒకే వాట్లు వ్రాసిన రెండు దీపములను ఇట్లు పోల్చిన విద్యార్థి, వాటు వెలుగునకు కొలత కాదని మరి యెన్నడును మరువడు.

మొదటి ప్రశ్నకు ఇపుడు సమాధానము చెప్పవచ్చును. ఆ ఇంటి దీపములలో దోషము లేదు. వాని సంఖ్యను నిర్ణయించినది కప్పు మీది అలంకారపు గీత గాని, గదికి కావలసిన వెలుగు కాదు. ఇప్పటికే బిగించిన వారు కూడ నిరాశ చెందనక్కరలేదు. వైరింగువానిని పిలిచి వరుసలను రెండు స్విచ్చులుగా విడదీయించినచో సగము దీపములు చాల రోజులు ఆరియే ఉండును. క్రొత్తగా కట్టుకొను వారు సీలింగు పనివాడు పెన్సిలుతో గీతలు గీయుటకు ముందే గది పొడవు వెడల్పులను హెచ్చించి, ఒక కాగితము మీద ల్యూమెన్లను లెక్కకట్టవలెను. ఆ లెక్కను ఇంటిలో చదువుకొను పిల్లలకే అప్పగింపవచ్చును. దానికి కావలసిన గణితమంతయు వారి పాఠ్యపుస్తకములలోనే ఉన్నది.